మెర్కెల్ వెళ్లాక ర్యూగెన్ ఓటు ఎటు పోయింది

జర్మనీ ఈశాన్య కొసన, బాల్టిక్ సముద్రాన్ని ఆనుకుని ఉన్న ఫోర్‌పొమ్మెర్న్ ప్రాంతంలోని ఒక పార్లమెంటు స్థానం గత కొన్నేళ్లుగా ఆ దేశ రాజకీయ చర్చల్లో తరచు వినిపిస్తోంది. దేశంలోకెల్లా పెద్ద దీవి అయిన ర్యూగెన్, దానికి ఎదురుగా ప్రధాన భూభాగం మీద ఉన్న ష్ట్రాల్‌జుండ్ రేవు పట్టణం, ఆ వెనక విశాలమైన ధాన్యపు పొలాల మధ్య దూరదూరంగా విసిరేసినట్టుండే పల్లెలు దాని పరిధిలోకి వస్తాయి. 1990 నుంచి 2021 దాకా ఈ స్థానానికి ఒక్కరే ప్రతినిధిగా ఉన్నారు. క్రిస్టియన్ డెమొక్రాట్ల నాయకురాలు, దేశానికి చాన్సలర్‌గా, అంటే ప్రభుత్వాధినేతగా పనిచేసిన ఏంజెలా మెర్కెల్ ఇక్కడ ఎనిమిది సార్లు పోటీ చేసి ఎనిమిది సార్లూ గెలిచారు. ఆమె తప్పుకున్న వెంటనే, 2021లో స్థానం సోషల్ డెమొక్రాట్ల చేతికి పోయింది. 2025 ఫిబ్రవరిలో వారి చేతి నుంచి కూడా జారి, వలసలకు వ్యతిరేకంగా పెరిగిన రైట్‌వింగ్ పార్టీ ఏఎఫ్‌డీకి దక్కింది. క్రిస్టియన్ డెమొక్రాట్ల కంచుకోట కూలిందని ఈ పరిణామాన్ని చాలామంది వర్ణించారు. పాత ఫలితాలను వరుసగా పరిశీలిస్తే ఆ వర్ణన సరిపోదనిపిస్తుంది. ఆ పార్టీ, అంటే సీడీయూ, ఇక్కడ ఎన్నడూ అంత బలంగా లేదు. మూడు దశాబ్దాల పాటు ఆ బలహీనతను కప్పి ఉంచింది మెర్కెల్‌కు పడిన ఓటు.

ఈ మాటకు ఆధారం జర్మనీ ఎన్నికల పద్ధతిలోనే ఉంది. అక్కడ ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు ఉంటాయి. మొదటిది నియోజకవర్గ అభ్యర్థికి వేసేది. మన లోక్‌సభ ఎన్నికల్లో లాగే ఎక్కువ ఓట్లు వచ్చినవారే గెలుస్తారు, సగానికి పైగా రావాలన్న నిబంధన లేదు. రెండోది రాష్ట్ర స్థాయిలో పార్టీ ప్రకటించిన జాబితాకు వేసేది. దిగువ సభ బుండెస్టాగ్‌లో ఏ పార్టీకి ఎన్ని స్థానాలన్నది ప్రధానంగా ఈ రెండో ఓటే తేలుస్తుంది. అందువల్ల ఒకే బ్యాలెట్ మీద అభ్యర్థిని మెచ్చి మొదటి ఓటు ఆమెకు వేసి, రెండో ఓటు వేరొక పార్టీకి వేసే వెసులుబాటు ఓటరుకు ఉంది. ఈ రెండు ఓట్ల మధ్య ఎడం ఎంత ఉంటే, అభ్యర్థి సొంత పలుకుబడి అంత ఉందని స్థూలంగా చెప్పుకోవచ్చు.

అసలు ఈ నేలకు స్వేచ్ఛగా ఓటు వేసే అలవాటే తక్కువ. 1648 నుంచి 1815 దాకా ఇది స్వీడన్ రాజుల ఏలుబడిలో ఉండి, ఆ తర్వాత ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలో కలిసింది. పెద్ద పెద్ద ఎస్టేట్లు, వాటి యజమానులైన భూస్వాములు, వారి భూముల్లో కూలి చేసే కుటుంబాలు ఇక్కడి గ్రామీణ జీవితం. వెట్టి బానిసత్వం 1806లో గానీ రద్దు కాలేదు. 1871లో జర్మన్ సామ్రాజ్యం ఏర్పడి ఇరవై అయిదేళ్లు నిండిన పురుషులందరికీ ఓటు వచ్చినా, బ్యాలెట్ కాగితాలను పార్టీలే అచ్చువేసి పంచేవి కాబట్టి ఎవరు ఎవరికి వేశారో ఎస్టేటు మేనేజరుకు తెలిసిపోయేది. ఓటును కవరులో పెట్టి వేసే ఏర్పాటు 1903లో గానీ రాలేదు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతి వైమార్ రిపబ్లిక్ కాలంలో పొమ్మెర్న్ అంతా కలిపి ఒకే పెద్ద నియోజకవర్గంగా ఉండగా, 1924 డిసెంబరు ఎన్నికలో భూస్వాముల పక్షాన నిలిచిన జర్మన్ నేషనల్ పీపుల్స్ పార్టీకి దాదాపు సగం ఓట్లు పడ్డాయి. ఎనిమిదేళ్లు తిరక్కుండానే, 1932 జులైలో, దాదాపు అంతే భాగం నాజీ పార్టీకి పడింది. ఇంత పెద్ద ఓటు సమూహం ఒక పార్టీని వదిలి మరో పార్టీ వైపు కదలడం ఇక్కడ కొత్త విషయం కాదని మాత్రం దీన్నిబట్టి చెప్పవచ్చు. 1932 ఓటరుకూ 2025 ఓటరుకూ మధ్య నేరుగా గీత గీయడం మాత్రం తొందరపాటే అవుతుంది. ఎందుకంటే ఈ నడుమ ఇక్కడి జనాభాయే మారిపోయింది. 1945 తర్వాత పోలండ్‌కు పోయిన తూర్పు పొమ్మెర్న్ నుంచీ ఇతర తూర్పు ప్రాంతాల నుంచీ శరణార్థులు లక్షల్లో వచ్చి ఈ పల్లెల్లో స్థిరపడ్డారు. వంద హెక్టార్లకు మించిన ఎస్టేట్లను భూసంస్కరణ కింద స్వాధీనం చేసుకుని పంచారు. పంచిన భూమిని 1960 నాటికి మళ్లీ సహకార క్షేత్రాల్లో కలిపేశారు. 1953లో ర్యూగెన్ హోటళ్ల యజమానుల ఆస్తులను కూడా తూర్పు జర్మనీ ప్రభుత్వం లాగేసుకుంది. నలభై ఏళ్ల పాటు ఎన్నికలంటే ముందే తయారైన ఒకే ఉమ్మడి జాబితాను మడిచి పెట్టెలో వేసి రావడమే.

ఆ నలభై ఏళ్ల కాలం 1990 ఫలితాన్ని అర్థం చేసుకోవడానికి చాలా అవసరం. తూర్పు జర్మనీలో కమ్యూనిస్టుల వెనక నడిచే మిత్రపక్షాలుగా కొన్ని పార్టీలు పేరుకు బతికి ఉండేవి. వాటిలో తూర్పు సీడీయూ ఒకటి, రైతుల కోసం ప్రభుత్వమే పెట్టించిన డెమొక్రటిక్ ఫార్మర్స్ పార్టీ మరొకటి. బెర్లిన్ గోడ కూలాక 1990లో ఈ రైతు పార్టీ సీడీయూలో విలీనమైంది. దాంతో పల్లెపల్లెనా కార్యాలయాలు, సభ్యత్వ పుస్తకాలు, పరిచయాలు ఉన్న యంత్రాంగం సీడీయూకు రాత్రికి రాత్రి దొరికింది. సోషల్ డెమొక్రాట్లకు అటువంటి వారసత్వం లేదు. వారి పార్టీని 1946లోనే కమ్యూనిస్టులతో బలవంతంగా కలిపేశారు కనుక వారు 1989లో మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ఇలా అంది వచ్చిన సభ్యత్వం నమ్మకం వల్ల వచ్చింది కాదు కాబట్టి త్వరలోనే కరిగిపోయే స్వభావం గలదని కూడా గమనించాలి.

మెర్కెల్ ఈ ప్రాంతం మనిషి కాదు. పుట్టింది హాంబర్గ్‌లో, పెరిగింది బ్రాండెన్‌బర్గ్‌లోని టెంప్లిన్‌లో, ఉద్యోగం చేసింది బెర్లిన్‌లో. 1989 చివర్లో డెమొక్రటిక్ అవేకెనింగ్ అనే చిన్న సంస్థలో చేరి, తూర్పు జర్మనీ చివరి ప్రభుత్వానికి ఉప అధికార ప్రతినిధిగా పనిచేశారు. ఆ సంస్థ సీడీయూలో కలవడంతో ఆమె కూడా ఆ పార్టీలోకి వచ్చారు. ష్ట్రాల్‌జుండ్–ర్యూగెన్–గ్రిమ్మెన్ పేరుతో కొత్తగా ఏర్పడిన స్థానానికి ఆమె పేరును సూచించినవారిలో రాష్ట్ర సీడీయూ నాయకుడు గ్యుంటర్ క్రౌజ ముఖ్యుడు. 1990 సెప్టెంబరులో ర్యూగెన్ దీవిలోని ప్రోరాలో, నాజీల కాలంలో మొదలై సగంలో ఆగిపోయిన విహార కేంద్రపు భవనాల దగ్గర జరిగిన సమావేశంలో టికెట్ కోసం గట్టి పోటీ నడిచింది. పశ్చిమ జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ నుంచి వచ్చిన అభ్యర్థి మీద ఆమె స్వల్ప తేడాతో నెగ్గారు. ఆ రోజు లెక్క కొంచెం అటూ ఇటూ అయి ఉంటే జర్మనీ తర్వాతి చరిత్ర ఎలా ఉండేదో అన్న ఆలోచన ఎవరికైనా రాక మానదు. ఆ నవంబరులో దీవిలోని లోబె గ్రామంలో జాలర్ల గుడిసెలో వారి నడుమ కూర్చున్న యువ అభ్యర్థిని ఫొటో తర్వాతి రోజుల్లో ప్రపంచమంతా చూసింది. 1990 డిసెంబరు 2న ఆమెకు 48.5 శాతం మొదటి ఓట్లు వచ్చాయి.

ఇక ఈ ఫలితాలను, ఈ స్థానం ఉన్న మెక్లెన్‌బర్గ్–ఫోర్‌పొమ్మెర్న్ రాష్ట్రమంతటా సీడీయూ జాబితాకు పడిన రెండో ఓట్లతో పక్కపక్కన పెట్టి చూడాలి. 1990లో రాష్ట్రంలో పార్టీకి సుమారు 41 శాతం వస్తే ఆమెకు 48.5. 1994లో పార్టీ 38.5కు తగ్గింది; ఆమె 48.6 దగ్గర నిలిచారు. 1998లో అప్పటి సీడీయూ చాన్సలర్ హెల్ముట్ కోల్ ఓడిపోయిన ఎన్నికలో పార్టీ 29 దగ్గరికి పడిపోగా ఆమె 37.3తో బయటపడ్డారు, ఆమె ఎనిమిది విజయాల్లో ఇదే అతి తక్కువ. 2002లో పార్టీకి 30, ఆమెకు 41.6. ఆమె చాన్సలర్ అయిన 2005 ఎన్నికలో సైతం రాష్ట్ర జాబితాకు 30 శాతం దాటలేదు, ఆమెకు 41.3 వచ్చింది. 2009లో పార్టీ 33, ఆమె 49.3, 2013లో పార్టీ 42.5, ఆమె 56.2, 2017లో పార్టీ 33, ఆమె 44. అంటే తొలి ఎన్నికలో సుమారు ఏడు శాతమున్న ఎడం, ఆమె పార్టీ అధ్యక్షురాలై, ఆపై చాన్సలర్ అయ్యాక పది నుంచి పదహారు శాతం మధ్య తిరిగింది.

ఈ పోలికకు పరిమితులు లేకపోలేదు. ఒక నియోజకవర్గాన్ని రాష్ట్రమంతటితో పోల్చడం వల్ల, రోస్టాక్, ష్వెరిన్ వంటి నగరాలు సీడీయూ సగటును కిందికి లాగుతాయి. పైగా ఏ పెద్ద పార్టీ అభ్యర్థికైనా చిన్న పార్టీల మద్దతుదారులు కొంత మొదటి ఓటు ఇవ్వడం జర్మనీలో మామూలే. సరిహద్దులూ మారాయి. 2002లో స్థానాల సంఖ్య తగ్గినప్పుడు ఒకసారి, 2011లో జిల్లాలను కలిపిన దరిమిలా 2013 ఎన్నికకు మరోసారి పునర్విభజన జరిగింది. రెండోసారి 1456 నాటి విశ్వవిద్యాలయం ఉన్న గ్రైఫ్స్‌వాల్డ్ నగరం ఇందులోకి వచ్చి చేరింది. ఫోర్‌పొమ్మెర్న్–ర్యూగెన్–ఫోర్‌పొమ్మెర్న్–గ్రైఫ్స్‌వాల్డ్ ఒకటి అని ఊపిరాడని పేరు కూడా అప్పటిదే. విద్యార్థుల నగరం కలిసిన ఆ ఎన్నికలోనే మెర్కెల్‌కు తన జీవితంలోకెల్లా ఎక్కువ ఓటు శాతం రావడాన్ని సరిహద్దుల మార్పుతో వివరించలేం. ఇన్ని మినహాయింపులు ఇచ్చిన తర్వాత కూడా ఎడం అలాగే మిగులుతుంది.

ఆ ఎడానికి కారణాలు ఆమె ప్రసంగాల్లో కంటే పదవిలో ఎక్కువ కనబడతాయి. కార్ఖానాలు మూతబడి, సహకార క్షేత్రాలు విడిపోయి, యువత, అందులోనూ యువతులు పశ్చిమానికి వలసపోతున్న ప్రాంతంలో, కేంద్ర మంత్రిగా ఉన్న ప్రతినిధి ఉండడం ఓటరుకు చిన్న విషయం కాదు. మెర్కెల్ 1991 నుంచే కోల్ మంత్రివర్గంలో ఉన్నారు. దీవిని ప్రధాన భూభాగంతో కలిపే కొత్త ర్యూగెన్ వంతెనను 2007 అక్టోబరులో చాన్సలర్ హోదాలో ఆమే ప్రారంభించారు. అంతకు ముందటేడు వేసవిలో అమెరికా అధ్యక్షుడు జార్జ్ బుష్‌ను ష్ట్రాల్‌జుండ్‌కు రప్పించి, దగ్గరి ట్రిన్‌విల్లర్స్‌హాగెన్ అనే పల్లెలో అడవిపంది మాంసంతో విందు ఇచ్చారు. అంతర్జాతీయ వార్తల్లో ఆ పల్లె పేరు వినిపించడం వల్ల ఎవరి జీతమూ పెరగలేదు. అయినా అటువంటివి ఓటును నిలబెడతాయని అన్ని దేశాల రాజకీయ నాయకులకూ తెలుసు. అదే సమయంలో ఆమె పదవి ఆపలేకపోయినవీ ఉన్నాయి. ష్ట్రాల్‌జుండ్ నౌకా నిర్మాణ కేంద్రం 2012లో దివాలా తీసి, చేతులు మారి, 2022 జనవరిలో మరోసారి దివాలా తీసింది. చివరికి నగరమే ఆ స్థలాన్ని కొనుక్కుంది. పశ్చిమ బాల్టిక్‌లో హెర్రింగ్ చేపల సంఖ్య క్షీణించడంతో యూరోపియన్ యూనియన్ 2022 నుంచి ఆ వేటను, చిన్న తీరప్రాంత పడవలకు ఇచ్చిన కొద్దిపాటి మినహాయింపు తప్ప, నిషేధించింది. 1990 ఫొటోలోని జాలరి వృత్తి ఇప్పుడు నామమాత్రం.

అసంతృప్తి ఓటు ఇక్కడ ఎప్పుడూ ఉంది. మొదట్లో అది కమ్యూనిస్టుల వారసులైన పీడీఎస్‌కు, పేరు మారాక లెఫ్ట్ పార్టీకి వెళ్లేది. 2009లో రాష్ట్రంలో లెఫ్ట్ పార్టీ రెండో ఓట్లు 29 శాతం. కొంత భాగం నాజీ వారసత్వపు ఎన్‌పీడీకి పోయి, 2006లోనూ 2011లోనూ ఆ పార్టీని రాష్ట్ర శాసనసభలో కూర్చోబెట్టింది. 2015లో మెర్కెల్ శరణార్థులకు సరిహద్దులు మూయకూడదని నిర్ణయించిన తర్వాత ఆ ఓటుకు కొత్త ఇల్లు దొరికింది. 2016 సెప్టెంబరు రాష్ట్ర ఎన్నికలో ఏఎఫ్‌డీ 20.8 శాతంతో, 19 శాతం దగ్గర ఆగిన సీడీయూను మూడో స్థానానికి నెట్టింది. చాన్సలర్ సొంత రాష్ట్రంలో ఇలా జరగడం బెర్లిన్‌ను కుదిపింది. మరుసటి ఏడు ఆమె మీద ఏఎఫ్‌డీ నిలబెట్టిన లైఫ్–ఎరిక్ హోల్మ్‌కు దాదాపు 19 శాతం పడ్డాయి. మెర్కెల్ పన్నెండు శాతం కోల్పోయి కూడా 44తో సునాయాసంగా గెలిచారు. కోటలో పగులు అప్పుడే కనబడిందని ఇప్పుడు అనడం తేలిక. నిజానికి ఆ రోజు ఆమె పార్టీ రాష్ట్ర సగటు కంటే పదకొండు శాతం ముందున్నారన్నది ఎక్కువ ముఖ్యమైన అంకె.

2021 సెప్టెంబరు 26న ఆమె పేరు బ్యాలెట్ మీద లేదు. సీడీయూ తరఫున గెయోర్గ్ గ్యుంటర్ నిలబడితే 20.4 శాతం వచ్చాయి. సోషల్ డెమొక్రాట్ల అభ్యర్థిని, గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న 27 ఏళ్ల అన్నా కసౌత్స్‌కి 24.3 శాతంతో గెలిచారు. నాలుగింట మూడొంతుల మంది ఓటర్లు వేరెవరికో వేసినా స్థానం దక్కిందన్నమాట. అదే రోజు జరిగిన రాష్ట్ర శాసనసభ ఎన్నికలో ముఖ్యమంత్రి మనూయెలా ష్వేజిగ్ నాయకత్వంలో సోషల్ డెమొక్రాట్లకు 39.6 శాతం రావడం, ఆ పార్టీ చాన్సలర్ అభ్యర్థి ఒలాఫ్ షోల్జ్ 2018 నుంచి మెర్కెల్ ప్రభుత్వంలోనే పనిచేస్తూ ఆమె నిదానాన్ని తన గుర్తుగా చూపుకోవడం కసౌత్స్‌కికి కలిసివచ్చాయి.

ఈ ఎన్నికను సరిగ్గా చదివితేనే 2025 అర్థమవుతుంది. రాష్ట్రంలో 2017, 2021 మధ్య సీడీయూ 33 నుంచి 17.4కు పడింది. అదే కాలంలో ఏఎఫ్‌డీ పెరగలేదు, 18.6 నుంచి 18కి కొద్దిగా తగ్గింది. పెరిగింది సోషల్ డెమొక్రాట్లు, 15.1 నుంచి 29.1కి. మొత్తం అంకెల నుంచి ఒక్కొక్క ఓటరు ప్రయాణాన్ని రాబట్టలేమన్న జాగ్రత్త ఉంచుకుంటూనే, మెర్కెల్‌ను చూసి సీడీయూకు వేసినవారిలో పెద్ద భాగం ఆమె తప్పుకున్నాక రైట్‌వింగ్ వైపు కాక మధ్యేవాదం వైపే జరిగిందని అనుకోవచ్చు. ఆ ఎన్నిక తర్వాత చాన్సలర్ అయిన షోల్జ్ ప్రభుత్వం నాలుగేళ్లు తిరక్కుండా కూలిపోయి, 2025 ఫిబ్రవరి 23న ముందస్తు ఎన్నిక వచ్చింది. దేశవ్యాప్తంగా 82.5 శాతం పోలింగ్ జరిగింది. 1990లో రెండు జర్మనీలు ఏకమయ్యాక అంత ఎక్కువ ఎన్నడూ లేదు. రాష్ట్రంలో సోషల్ డెమొక్రాట్లు 12.4కు కూలారు. ఆ ఓట్లు తిరిగి సీడీయూకు రాలేదు. ఆ పార్టీ 17.8 దగ్గరే ఉండిపోయింది. ఏఎఫ్‌డీ దాదాపు రెట్టింపై 35 శాతానికి చేరింది. మెర్కెల్ పాత స్థానంలో ఆ పార్టీ అభ్యర్థి డారియో జైఫర్ట్ మూడో వంతుకు మించిన ఓట్లతో గెలిచారు.

గెలుపుకు స్థానిక కారణాలుగా కొన్ని చెబుతారు. ర్యూగెన్ తూర్పు తీరంలోని ముక్రాన్ రేవులో ద్రవీకృత సహజవాయువు టెర్మినల్ కట్టడాన్ని, బిన్స్ వంటి విహార పట్టణాలు తమ తీరం, తమ పర్యాటకం పాడవుతాయని 2023లో గట్టిగా ఎదిరించాయి. అయినా బెర్లిన్ ముందుకే వెళ్లింది. దాని కోపం ఓటులో లేదనలేం. కాకపోతే టెర్మినల్ ఊసే లేని తూర్పు జర్మనీ నియోజకవర్గాల్లోనూ ఏఎఫ్‌డీ ఇంతే పెరిగింది కాబట్టి దాన్ని మూల కారణం చేయలేం. అంతకన్నా బరువైన వివరణ సంస్థాగతమైనది. 1990లో విలీనాల వల్ల దొరికిన సభ్యత్వం వయసు మీరి తగ్గిపోతుంటే, కొత్త తరాన్ని పార్టీలోకి తెచ్చే పని సీడీయూ ఈ పల్లెల్లో చేయలేదు; గెలిపించడానికి చాన్సలర్ ఉన్నంత కాలం ఆ అవసరం పెద్దగా కనిపించనూ లేదు. సోషల్ డెమొక్రాట్లది కూడా ఇదే పరిస్థితి: ష్వేజిగ్ పేరు మీద రాష్ట్రంలో గెలుస్తారు, పల్లెలో కార్యకర్త ఉండడు.

ఇదంతా జరిగాక బుండెస్టాగ్‌లో మారింది ఎంత అన్న ప్రశ్న మిగులుతుంది. 2023 సంస్కరణతో సభ 630 స్థానాలకు కుదించబడింది. నియోజకవర్గంలో గెలిచినా, రాష్ట్రంలో పార్టీ రెండో ఓట్ల వాటా చాలకపోతే విజేతకు సీటు దక్కదు. 2025లో 23 మంది అలా ఇంటికి వెళ్లారు. రాష్ట్రంలో 35 శాతం ఉన్న ఏఎఫ్‌డీకి ఇక్కడ ఆ చిక్కు రాలేదు. అయితే ఇక్కడ గెలవడం వల్ల సభలో ఆ పార్టీ సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. గెలవకపోతే అదే సీటు జాబితాలోని మరొకరికి వెళ్లేది. ష్ట్రాల్‌జుండ్‌లో ప్రతినిధి కార్యాలయం ఏ పార్టీది, పింఛను కాగితాలూ చేపల వేట లైసెన్సూ పట్టుకుని వచ్చేవారు ఏ పార్టీ గుమ్మం ఎక్కుతారు అన్నదే ఆచరణలో మారిన విషయం. సీడీయూ ఈ ప్రాంతంలో ముప్ఫై ఏళ్లు నిలిచింది ఆ గుమ్మం మీదే కాబట్టి, సీట్ల లెక్కలో కనబడని ఈ నష్టాన్ని పూడ్చుకోవడం ఆ పార్టీకి ఎక్కువ కష్టం కావచ్చు.